ఎల్లం పంపిన రిక్వెస్ట్

తెలంగాణ ఉద్యమం ముదిరి, మెదక్‌లో రిలే దీక్షలు సాగుతున్న రోజులవి. ఎల్లం డప్పు మోగనిదే శిబిరంలో పొద్దు మొదలయ్యేది కాదు. అన్నేళ్లూ చావుకో జాతరకో పిలిపించి గడప బయటే నిలబెట్టిన పెద్దలు, ఇప్పుడు వేదిక మీదికి రమ్మని మెడలో కండువా వేస్తున్నారు. ఎల్లం పొంగిపోయాడు. పాపం, ఎవరైనా పొంగిపోరా!

ఆ పొంగులోనే నెట్ సెంటర్‌కు వెళ్లి, అది నడిపే సుశీల చేత ఫేస్‌బుక్ ఖాతా తెరిపించాడు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే కూతురు భాగ్య రోజూ అందులోనే ఉంటుందని విన్నాడు. అక్కడ ఆమె పేరు వర్షిత.

"ఫోటో ఏది పెడుదామన్నా?" అంది సుశీల.

"డప్పుతోనిదే పెట్టు చెల్లే. బిడ్డ గుర్తువట్టాలె గద!"

రిక్వెస్ట్ పంపారు. తొమ్మిది రోజులు వరసగా వచ్చి అడిగాడు. బిడ్డ ఒప్పుకోలేదు. "సూసుకోలేదేమో," అని తనకు తనే సర్దిచెప్పుకునేవాడు. సుశీల ఊఁ కొట్టేది.

పదో రోజు ఆమె వర్షిత పేజీ తెరిచి ఎగిరినంత పని చేసింది. "అన్నా, నీ ఫోటో పెట్టిందే!"

నిజమే. వేదిక మీద కళ్లు మూసుకొని డప్పు కొడుతున్న ఎల్లం. ఎవరో విలేకరి తీసిన ఫోటో. మూడొందల మంది లైక్ కొట్టారు.

"ఏం రాసిందో సదువు చెల్లే, నాకు సదువు రాదాయె."

"'ఈ చేతులకు దండం' అని రాసిందన్నా."

ఎల్లం తన చేతులు చూసుకున్నాడు. తల్లి పోయాక భాగ్యకు జడలేసి బడికి పంపిన చేతులవి. కళ్లు తుడుచుకుని, "కిందేమున్నది?" అన్నాడు.

సుశీల నసిగింది. అతను వదలకపోయేసరికి చదివింది. "ఈయనెవరు, నీకు తెలుసా అని ఎవలో అడిగిండ్రు. 'తెల్వదు, ఎవలో పెద్దమనిషి' అన్నదన్నా."

ఎల్లం మనసు విరిగిపోయింది. ఊరంతా వేదికెక్కించిన డప్పును సొంత బిడ్డ గడప బయటే ఆపింది. లేచి బయటికి నడిచాడు.

మెట్ల మీద ఉండగానే జేబులో ఫోన్ మోగింది.

"నాయినా, తిన్నవా?" భాగ్య గొంతు. "ఫేస్‌బుక్‌ల నీ పేరు మీద రిక్వెస్ట్ వచ్చింది. నువ్వే పంపినవా? నా దోస్తులంత సూస్తరు నాయినా..."

ఎల్లం ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాడు.

"నేనెందుకు పంపుత బిడ్డా? నాకవన్ని ఏడొస్తయి? ఎవలో పెద్దమనిషి ఉంటడు తియ్యి."

అటువైపు బిడ్డ హమ్మయ్య అని ఊపిరి వదలడం అతనికి వినిపించింది.