గోడౌను దగ్గర ఎర్ర చుక్క

మా బాబాయి సిటీబస్సు కండక్టరు. అదే సంస్థ ఆఫీసులో టికెట్ల డేటా చూసేది నేను. ఎదురుపడితే చాలు కీచులాడుకుంటాం కాబట్టి మా ఇద్దరికీ పడదని ఆఫీసంతా అనుకుంటుంది. ఆయనంటే నాకు ప్రాణమని వాళ్ళకేం తెలుసు!

ఆ మంగళవారం పన్నెండింటికి మీటింగు. జనం ఎక్కని స్టాపులు తీసేస్తారట. జాబితా తయారు చేసింది నేనే. ఏడాదిలో కొట్టిన నలభై లక్షల టికెట్లను ఊరి పటం మీద చుక్కలుగా పరిచాను. ఎక్కువమంది ఎక్కినచోట పెద్ద ఎర్ర చుక్క. బాబాయి రూటులోని కిడ్నీ ఆసుపత్రి దగ్గర ఆవగింజంత చుక్క ఉంది. దాన్నీ జాబితాలో చేర్చేశాను.

పొద్దున్నే బాబాయి నా బల్ల దగ్గర ఊడిపడ్డాడు.

"ఆసుపత్రి స్టాపు తీసేస్తున్నావటగా! బుద్ధుందా నీకు?"

"అక్కడెవరూ ఎక్కట్లేదు బాబాయ్."

"ఎక్కట్లేదా? రోజూ చెయ్యి పట్టుకుని ఎక్కిస్తున్నది నేను! ఆ స్టాపు తీసేస్తే పాపం వాళ్ళు అంతదూరం ఎలా నడుస్తారే?"

నాకు ఒళ్ళు మండింది. "నలభై లక్షల టికెట్లు అబద్ధమాడతాయా? నువ్వే చూడు," అని తెర ఆయనవైపు తిప్పాను.

తిప్పి, నేనే నోరెళ్ళబెట్టాను. జాబితా కోసం చిన్న చుక్కలే వెతికాను గానీ పెద్దవాటిని పట్టించుకోలేదు. ఆసుపత్రి దాటాక రెండో స్టాపు దగ్గర ఇంత లావు ఎర్ర చుక్క! అక్కడున్నది పాత సిమెంటు గోడౌను. దానికి ఏళ్ళుగా తాళమే. రోజులవారీగా విడదీసి చూశాను. మంగళవారాలు మాత్రం గోడౌను దగ్గర చుక్క మాయమై ఆసుపత్రి దగ్గర తేలుతోంది. మంగళవారం బాబాయికి సెలవు. వేరే కండక్టరు వస్తాడు.

"బాబాయ్, ఆసుపత్రి దగ్గర ఎక్కినవాళ్ళకి టికెట్ ఎప్పుడు కొడతావు?"

ఆయన గొంతు తగ్గింది. "డయాలసిస్ చేయించుకుని వస్తారే అమ్మడూ. ఒళ్ళు తూలుతుంటుంది. ఎక్కీ ఎక్కగానే టికెట్ అని మీద పడితే ఏం బాగుంటుంది? కూర్చుని కాస్త తెప్పరిల్లాక కొడతాను. ఈలోగా రెండు స్టాపులు దాటేస్తాం."

మిషను ఎక్కడ కొడితే ఆ స్టాపే రాసుకుంటుంది. ఎక్కినచోటే కొట్టాలన్నది నిబంధన. తప్పితే హెచ్చరిక కాగితం. ముప్పై ఏళ్ళ సర్వీసులో బాబాయికి అలాంటిది ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆయన గొప్పగా చెప్పుకోని రోజూ లేదు.

"నీ ఊసు రాకుండా చెప్తాలే," అన్నాను.

"ఏమని? గోడౌనులోంచి దయ్యాలొచ్చి ఎక్కుతున్నాయనా?"

మీటింగులో నేను ఎర్ర చుక్క చూపించి నీళ్ళు నములుతున్నాను. "మిషను లోపమేమో. పాత జాబితాయే ఖాయం చేద్దాం," అన్నారు పెద్దాఫీసరు.

"మిషను బానే ఉందండీ!" తలుపు దగ్గర్నుంచి బాబాయి గొంతు. లోపలికొచ్చి, చేతులు కట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఆఫీసరు పటంలో మంగళవారాల చుక్కలు సరిచూసుకున్నారు. జాబితాలోంచి ఆసుపత్రి పేరు కొట్టేశారు. హెచ్చరిక కాగితం కూడా అక్కడే రాసి ఇచ్చారు. బాబాయి సంతకం చేశాడు.

వరండాలోకి వచ్చాక, "నా పటమే నిన్ను పట్టించింది బాబాయ్," అన్నాను.

"పట్టిస్తే పట్టించిందిలే. వాళ్ళు కూడా ఎక్కుతున్నారని ఇప్పటికైనా కనపడింది కదా నీకు," అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

ఆఫీసంతా చూస్తుండగా ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను.