పాదరసం సెల్లు

అక్కకు సోమవారం గుండె ఆపరేషన్. "భయపడాల్సిందేమీ లేదు" అని డాక్టరు మూడుసార్లు చెప్పేసరికి చెల్లెలికి అసలు భయం పట్టుకుంది. ఒక్కసారి చెప్పి ఊరుకుంటే నమ్మేది. అక్క మాత్రం కాగితాలన్నీ మడిచి సంచిలో పెట్టుకుని, ఇంటికి రాగానే ఒక్క మాట అంది.

"బీరువా పై అరలో నా పాత కెమెరా ఉంది, దించు. వెళ్ళేముందు నిన్నొక ఫోటో తీస్తాను."

నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఆ కెమెరా ఊసెత్తలేదు.

అక్క సామాన్యురాలేం కాదు. స్టూడియోలో పెద్ద దీపాల కింద పెళ్ళికూతుళ్ళనీ, గుక్కపట్టి ఏడ్చే పసిపిల్లలనీ, పాస్‌పోర్టు మొహాలనీ ముప్పై అయిదేళ్ళు తీసి రిటైరైన మనిషి. తను ముచ్చటపడి కొనుక్కున్న ఈ చిన్న కెమెరాను మాత్రం అమ్మ చనిపోయిన వారంలో బీరువాలో పెట్టేసి మళ్ళీ ముట్టుకోలేదు.

కారణం చుట్టాలందరికీ తెలిసిందే. మంచాన పడ్డ అమ్మను అక్క చివరి రోజుల్లో ఒక రీలంతా తీసింది. అందులో అమ్మ బొమ్మ ఒక్కటీ రాలేదు. డార్క్‌రూమ్‌లోంచి బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "సెల్లు అయిపోయినట్టుంది. వెలుతురు చూపించే సూది తప్పు చూపించింది. నేను చూసుకోవాల్సింది" అంది. అందరూ అయ్యో అన్నారు. "ఇంత పనిమంతురాలివి, సెల్లు చూసుకోవద్దూ" అని దెప్పినవాళ్ళూ లేకపోలేదు. అక్క తల వంచుకుని అన్నీ పడింది.

అది అబద్ధమని చెల్లెలికి తెలుసు. తనకొక్కదానికే తెలుసుననుకుంది.

అప్పుడామెకు ఇరవై ఒకటి. అక్క మందులకు వెళ్ళిన పూట అమ్మ కళ్ళు తెరిచి నవ్వింది. ఆ నవ్వు పోతుందేమోనని చెల్లెలు గబగబా కెమెరా అందుకుంది. చూస్తే సూది కదల్లేదు. సెల్లు మార్చాలి కాబోలనుకుని పైనున్న గుండీ పట్టుకుని లాగింది. సెల్లు ఉండేది అడుగున అని ఆమెకేం తెలుసు? టప్పున వెనక మూత తెరుచుకుంది. లోపలి ఫిల్ము పట్టపగటి వెలుతురులో పడింది. గభాలున మూసేసింది. లెన్సు మీద టోపీ తియ్యకపోతే సూది ఎలా కదులుతుందన్న సంగతి అప్పుడు తట్టింది. రెండు రోజులకు అమ్మ పోయింది. చెబుదామని గొంతు సవరించుకునేలోపు అక్క నేరమంతా సెల్లు మీదా, తన మీదా వేసుకుంది. ఆ వారం చెప్పలేనిది ఆ నెల చెప్పలేకపోయింది. ఆ తర్వాత ఇక చెప్పే మొహం లేకపోయింది.

ఇప్పుడు సోమవారంలోపు చెప్పాలి. లేకపోతే చెప్పుకోవడానికి మనిషే ఉండకపోవచ్చు.

శనివారం సెల్లు వేటలో పడింది. ఫోటో షాపులో ఫిల్ము దొరికింది. సెల్లు పేరు చెబితే అక్కడి పిల్ల ఫోన్‌లో వెతికి, "ఇది మా అమ్మ పుట్టకముందుదేమో ఆంటీ" అని నవ్వింది. వాచీల షాపతను డబ్బాలన్నీ కుమ్మరించి, అచ్చం అలాంటిదే ఒకటి ఏరి ఇచ్చాడు. సరిగ్గా పట్టింది, సూది కూడా కదిలింది. ఇంట్లో అక్క కెమెరాను కిటికీ వైపూ, నేల వైపూ, తన అరచేతి వైపూ తిప్పి చూసి కింద పెట్టేసింది.

"ఇది పొగరుబోతు సెల్లు. ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోంది."

"సూదితో నీకేం పని? కంటితో చూసి చెప్పగలవుగా వెలుతురెంతో!" చెల్లెలు అరిచి మరీ చెప్పింది. అక్కకు ఒక చెవి పూర్తిగా పోయింది. రెండో చెవి మిషను పెట్టుకుంటేనే పనిచేస్తుంది.

"చెప్పగలను. కానీ ఆ రోజు సూదినే నమ్మాను. ఈసారీ దాంతోనే తీస్తాను."

ఆ మాట చెల్లెలికి ములుకులా గుచ్చుకుంది. ఆదివారం పొద్దున్నే రైలు గేటు దాటి, వాచీల షాపతను చెప్పిన కెమెరా మేస్త్రీ ఇల్లు పట్టుకుంది. ఒక కంటికి భూతద్దం ఎప్పుడూ బిగించుకునే ఉంటాడని ఆయన్ని అందరూ ఒంటికన్ను మేస్త్రీ అంటారు. గదినిండా విప్పిన కెమెరాలు, సీసా మూతల్లో ఆవగింజలంత స్క్రూలు. ఆయన అక్క కెమెరాను రెండు చేతులతో అందుకున్నాడు.

"దీనికి వేసేది పాదరసం సెల్లమ్మా. పాదరసం విషమని దాన్ని చెయ్యడం ఎప్పుడో ఆపేశారు. ఇప్పుడొచ్చేవి దీనికి జోరెక్కువ, అందుకే సూది అబద్ధమాడుతుంది."

"అయితే ఇక దారి లేదా మేస్త్రీ గారూ?"

"ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా చెవి మిషను ఉందా? బాగా వినపడనివాళ్ళు పెట్టుకునే పెద్దది. అందులో వేసే సెల్లు దాదాపు ఇంతే జోరు. కాకపోతే కాస్త సన్నం." ఆయన ఒక ఇత్తడి రింగు ఆకురాయితో రుద్ది ఆమె చేతిలో పెట్టాడు. "దీని మధ్యలో పెట్టండి, కదలకుండా కూర్చుంటుంది."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. చెల్లెలు పరుగులాంటి నడకతో ఇల్లు చేరి సొరుగు లాగింది. సెల్లుల ప్యాకెట్టులో ఆరు గుంటలూ ఖాళీ. కొత్తది సోమవారం తెప్పిస్తానన్నాడు మందుల షాపతను. ఉన్న చివరిది ఆ పొద్దున్నే అక్క చెవికెక్కింది.

విషయం విని అక్క మారుమాట లేకుండా చెవి మిషను ఊడదీసింది.

"ఫోటో తియ్యడానికి చెవులెందుకే?"

రింగులో సెల్లు ఇమిడింది. అక్క మళ్ళీ కిటికీ, నేల, అరచెయ్యి చూసింది. ఈసారి తలాడించింది. ఫిల్ము ఎక్కించి, చెల్లెల్ని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. కెమెరా కంటికి ఆనించుకుంది.

ఇంతకంటే మంచి అదను రాదని చెల్లెలికి తెలుసు. ఇది పిరికితనమనీ తెలుసు. అయినా నోరు తెరిచింది.

"అక్కా, ఆ రీలు పాడు చేసింది సెల్లు కాదే. నేను. అమ్మ నవ్వుతుంటే తీద్దామని వెనక మూత తెరిచేశాను. నిన్ను అందరూ అన్ని మాటలంటుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. క్షమించవే."

కెమెరా క్లిక్కుమంది.

అక్క తొందరపడలేదు. కెమెరా అడుగు మూత తిప్పి, సెల్లు తీసి, చెవి మిషనులో వేసి, చెవికి తగిలించుకుంది.

"నేను పదేళ్ళ నుంచి మూతులు చూసే సగం మాటలు వింటున్నానే పిచ్చిదానా. ఇందులోంచి నీ మూతి కనపడదనుకున్నావా?"

చెల్లెలు చేత్తో నోరు కప్పుకుంది.

"అయినా నువ్వు చెప్పాలా? సెల్లు తప్పయితే బొమ్మ చెడుతుంది. అంతేగాని ఫిల్ము అంచులు నల్లబడవు. ఆ రీలు అంచుల దాకా నల్లగా మాడిపోయింది. మూత తెరిస్తేనే అలా అవుతుంది. ఇంట్లో ఉన్నది నువ్వూ, లేవలేని అమ్మా."

"మరి నలభై ఏళ్ళు ఎందుకు దాచావు? ఈ కెమెరా ముట్టడం కూడా మానేశావుగా!"

"ఈ కెమెరా కనపడితే చాలు, నీ మొహంలో నెత్తురుచుక్క ఉండేది కాదు. అందుకే లోపల పెట్టాను. నువ్వే ఎప్పుడో ఒకప్పుడు వచ్చి చెబుతావనుకున్నాను. పాపం, ఆ సెల్లును అందరిచేతా తిట్టించాను. దాని ఉసురు నాకెందుకని ఇప్పుడు దించమన్నాను."

చెల్లెలు మొహం కొంగుతో కప్పుకుని ఏడ్చింది. అక్క ఏడవనిచ్చింది. కాసేపయ్యాక మోకాలి మీద ఒకటి తట్టింది.

"లే. ఇందాకటిది నువ్వు వాగుతుంటే కదిలిపోయుంటుంది. మళ్ళీ తీస్తాను, ఈసారి నోరు మూసుకో." మిషను మళ్ళీ ఊడదీసింది.

మర్నాడు ఆసుపత్రిలో నర్సు అక్కకు బట్టలు మార్చింది. స్ట్రెచరు మీద పడుకుని అక్క తన సంచి తెమ్మంది. కెమెరా తీసి చెల్లెలి చేతుల్లో పెట్టింది.

"రీల్లో ఇంకా ముప్పై నాలుగు ఫోటోలున్నాయి. నేనొచ్చాక తీద్దాం. అందాకా నీ దగ్గరుంచు."

చెవి మిషను కూడా తీసి ఇచ్చేసింది. తలుపులు మూసుకున్నాయి.

చెల్లెలు బయటి బెంచీ మీద కూర్చుంది. నాలుగు గంటలు మంచినీళ్ళకైనా లేవలేదు. ఒళ్ళో కెమెరా ఉంది. దాని వెనక మూత తెరుచుకోకుండా రెండు చేతులతో అదిమి పట్టుకునే ఉంది.