మూడు నిమిషాల సాక్ష్యం

"టైం పెట్టవే," అన్నాడు జక్రయ్య.

ఫెబా చేతులు రెండూ మిరపకాయల్లో ఉన్నాయి. ఇంటి ముందు రేకుల పంచలో గుట్టగా పోసిన కాయలకి ముచ్చికలు తుంచుతోంది. ఆ చేత్తో ఫోన్ ముట్టుకుంటే తరవాత దాన్ని చెవికి పెట్టుకున్నవాడి చెంప మండుతుంది. అందుకని చెంగుకి తుడుచుకుని, చిటికెన వేలితో నొక్కింది. జక్రయ్య తువ్వాలు భుజం మీద సర్దుకుని, నీళ్ళ సీసాని మైకులాగా మూతి దగ్గర పెట్టుకున్నాడు. ఎదురుగా కాయల గుట్ట, గుట్టకవతల భార్య. అదే సంఘం అనుకుని గొంతు సవరించుకున్నాడు.

ఇంకో పన్నెండు రోజుల్లో అతను కెన్యా వెళ్తున్నాడు. చీరాల నుంచి శ్యామ్ సుందర్ అనే బ్రదర్ పది రోజుల సువార్త పనికి అయిదుగురిని వెంట తీసుకెళ్తున్నాడు. ముగ్గురు పాటలు పాడతారు. ఒకాయన ఇంగ్లీషులోకి మార్చి చెబుతాడు. జక్రయ్యకి పాటా రాదు, ఇంగ్లీషూ రాదు. అతనికున్నది సాక్ష్యం, అంటే ప్రభువు తనని ఎట్టా మార్చాడో చెప్పుకునే కథ. నాలుగేళ్ళ కిందట తాగుడు మానేశాడు. "నీది బలమైన సాక్ష్యం బ్రదర్. కానీ మూడు నిమిషాల్లో ముగించాలి. అనువాదంతో ఆరవుతుంది. అంతకు మించితే జనం లేచిపోతారు," అన్నాడట శ్యామ్ సుందర్.

ప్రయాణమేమో అతనిది, పని ఫెబాది. పాస్‌పోర్టు విచారణకి కానిస్టేబులు వస్తే టీ పెట్టింది ఫెబా. పక్క వీధి వాళ్ళ పెట్టెని ఎరువు అడిగి తెచ్చి, తుడిచి ఎండబెట్టింది ఫెబా. నాలుగు తెల్ల చొక్కాలకి గంజి పెట్టింది, అక్కడి తిండి నోటికి పోదేమోనని రెండు రకాల కారప్పొడి కొట్టింది. పసుపు జ్వరం రాకుండా సూది వేయించుకొచ్చిన రోజున జక్రయ్య చెయ్యి లాగేస్తోందని రెండు రోజులు మంచం దిగలేదు. ఉప్పు మూటతో కాపడం పెట్టింది కూడా ఫెబానే. పూర్తిగా చాపడానికి రాని ఎడమచేత్తో అతని జబ్బ పట్టుకుని, కుడిచేత్తో మూట అద్దింది. "మెల్లగా, మెల్లగా, అసలే నొప్పి," అని అరిచాడు.

"వందనాలు. నా పేరు జక్రయ్య," మొదలుపెట్టాడు సీసాతో. "నేను తాగుబోతుని. పదకొండేళ్ళ కిందట, మిరప కోతలప్పుడు ఒక సాయంత్రం, కూర చల్లారిపోయిందని నా భార్యని పార కర్రతో కొట్టాను. అప్పుడామెకి ఏడో నెల. మొదటి దెబ్బకి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఐనా నేను ఆగలేదు. మూడు దెబ్బలు కొట్టాను. తరవాత కర్రని మళ్ళీ గోడకి ఆనించి, పోయి పడుకున్నాను. ఆ దెబ్బలకి నా కొడుకు కడుపులోనే పోయాడు..."

ఫెబా వేళ్ళు ఆగిపోయాయి.

అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు. ప్రభువు పిలిచిన రాత్రి గురించి, కన్నీళ్ళ గురించి. ఆమెకి అదేదీ వినపడలేదు. కర్రని గోడకి ఆనించాడు. ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. నిజమే, ఆ కర్ర గోడకే ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చాక చూసింది. ఎవరో తీసి పెట్టారనుకుంది. ఒళ్ళు తెలియకుండా తాగినవాడు కర్రని తీసుకెళ్ళి మళ్ళీ దాని చోట పెట్టడు.

ఆ సాయంత్రం ఆటోలో అత్త పేరమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని చెవిలో చెప్పింది. "కల్లంలో జారిపడ్డానని చెప్పవే. వాడికేం గుర్తుండదు. తాగితే వాడు మనిషి కాదు. తెలిస్తే వాడు బతకడు." ఫెబా అదే చెప్పింది. డాక్టరుకి చెప్పింది, పుట్టింటికి చెప్పింది, మందిరంలో చెప్పింది. మర్నాడు జక్రయ్య తల దువ్వుకుని ఆసుపత్రికి వచ్చి, డాక్టరు ముందు నిలబడి, "ఎట్టా పడ్డావే? కళ్ళు కనపడలా?" అన్నాడు. ఆ మాటకి ఆమెకి కోపం రాలేదు. జాలేసింది. పాపం, ఏం చేశాడో తెలియదు అనుకుంది. ఆ జాలి మీదనే పదకొండేళ్ళు కాపురం చేసింది. తెలియక చేసినవాణ్ణి ఏమని తిడతాం, ఎట్టా వదిలేస్తాం అని తనకి తనే చెప్పుకుంది. జబ్బు మనిషికి చావు కబురు చెప్పకుండా దాచినట్టు, అతను చేసిన పనిని అతనికే తెలియకుండా దాచింది. ముసురు పట్టి చెయ్యి పీకినప్పుడల్లా, "ఆ రోజు చూసుకుని నడిస్తే ఇప్పుడీ బాధ ఉండేదా," అనేవాడు. నిజమేలే అనేది. తరవాత కడుపు నిలవలేదు. అందుకూ ఆమెనే అన్నారు. అప్పుడూ ఊరుకుంది.

అతనికి అంతా గుర్తుంది. దెబ్బల లెక్క కూడా.

"ఎంతైంది?" అన్నాడు జక్రయ్య సీసా దించి.

"మూడు నిమిషాల ఇరవై సెకన్లు."

"ఇరవై తగ్గించాలి."

"నీకు గుర్తుందా?"

"ఏంది?"

"ఆ సాయంత్రం."

"గుర్తు లేకేం?"

"మరి ఎట్టా పడ్డావని నన్నెందుకు అడిగావు, డాక్టరు ముందు?"

జక్రయ్య మూత తీసి ఒక గుక్క తాగాడు. "అప్పుడు చెబితే కేసయ్యేది. ఇప్పుడు చెబితే దేవునికి మహిమ." ఆ మాట అతనికే నచ్చింది. జేబులోంచి కాగితం తీసి కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. "ఇదుగో, చివర్లో నీ మీద రెండు ముక్కలున్నాయి. నా భార్య కూలి చేసి ఇల్లు నడిపింది, నన్ను ఆసుపత్రిలో చేర్చి మాన్పించింది అని. అవి కొట్టేస్తా. చెయ్యి ముక్క మాత్రం ఉండాలన్నాడు బ్రదర్."

పెన్ను అడిగాడు. ఆమె లేచి వెళ్ళి తెచ్చి ఇచ్చింది. అలవాటు అట్లాంటిది. ఇచ్చాక గానీ తను ఏం ఇచ్చిందో తెలియలేదు. తన ముందే, తన పెన్నుతోనే, తనని కొట్టేశాడు.

కాగితంలో 'కొడుకు' అన్న మాట మాత్రం అలాగే ఉంది. ఆ రోజు నర్సు తువ్వాలు మడత తీసి చూపించింది. ఆడపిల్ల తల్లీ, జుట్టు ఎంత ఉందో చూడు అంది. "ఆడదే గదా," అని ఓదార్చింది పేరమ్మ. జక్రయ్య ఎవర్నీ ఏమీ అడగలేదు. ఈ పదకొండేళ్ళలో తల్లినీ అడగలేదు, పెళ్ళాన్నీ అడగలేదు. దెబ్బలు గుర్తున్నవాడికి పిల్ల ఎవరో తెలియదు.

"ఆ కాగితంలో తప్పులేమన్నా ఉన్నాయేమో ఒకసారి నన్ను అడుగు," అంది.

"బ్రదర్ దిద్దాడులే. నీకేం తెలుసు."

రెండు రోజుల తరవాత శ్యామ్ సుందర్ కెమెరాతో వచ్చాడు. అప్పుడు ఫెబా పక్కన నగ్మా కూడా కూర్చుని ఉంది. పక్క వీధి పిల్ల, ముచ్చికలు తుంచడంలో ఆమెకి తోడు. చేతులెంత వేగమో నోరు అంతకన్నా వేగం. పేరమ్మ అరుగు మీద తమలపాకు నములుతూ కూర్చుంది.

"వందనాలు సిస్టర్. మీతో చిన్న పని," అన్నాడు శ్యామ్ సుందర్, ఘాటుకి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. "పెళ్ళైన బ్రదర్స్‌కి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆదివారం సాగనంపే కూడికలో భార్య సంఘం ముందు నిలబడాలి. నా భర్తను క్షమించాను, సంతోషంగా పంపుతున్నాను అని చెప్పాలి. అది లేకుండా తీసుకెళ్ళం. ఇంట్లో శాంతి, సమాధానం లేనివాడు బయటేం చెబుతాడు?"

"చెబుతుంది, చెబుతుంది," అంది పేరమ్మ. "మొగుడు మారాడు. ఇంతకన్నా ఏం కావాలి దీనికి."

"దాన్ని వీడియో తీస్తాం సిస్టర్. మీరు ఆ ఎడమ చెయ్యి ఒకసారి పైకెత్తి చూపించాలి. ఎంత లేస్తే అంతే. అక్కడ తెర మీద వేస్తే వేలమంది ఏడుస్తారు."

"నేనూ వస్తానా అక్కడికి?"

శ్యామ్ సుందర్ నవ్వాడు. "వీడియో చాలు సిస్టర్."

అతను వెళ్ళేదాకా నగ్మా నోరు మూసుకుంది. బండి మలుపు తిరగ్గానే విప్పింది. "అయితే అక్కా, నువ్వు వెళ్ళవు, నీ చెయ్యి వెళ్తుందన్నమాట. దానికి పాస్‌పోర్టు తీశారా?"

"పనిచూడవే ముందు," అంది పేరమ్మ.

"చూస్తూనే ఉన్నా ముసల్దానా. నోరు వేరు, చెయ్యి వేరు." గొంతు తగ్గించి, "కల్లంలో జారానన్నావు గదక్కా నాతో," అంది.

ఫెబా ఇంకో కాయ తీసుకుంది. ముచ్చిక తుంచింది. కాయ చీలి గింజలు రాలాయి. ఇన్నేళ్ళు ఆ అబద్ధం తనదే అనుకుంది. తను మోసింది గనక తనది. అతను దాన్ని ఆమె నెత్తిన పెట్టి, పక్కన ఉత్త చేతులతో నడిచాడు. బరువుందా అని అడుగుతూ నడిచాడు.

ఆదివారం మందిరం నిండిపోయింది. కొత్త చాపలు పరిచారు. ఎడమ పక్క ఆడవాళ్ళు, కుడి పక్క మగవాళ్ళు, నడుమ మూడు కాళ్ళ మీద కెమెరా. గంజి పెట్టిన చొక్కాలో జక్రయ్య మైకు పట్టుకున్నాడు. ఈసారి సరిగ్గా మూడు నిమిషాలు. చెయ్యి విరిగిన చప్పుడు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం కూడా సాధన చేసిందే. కొడుకు దగ్గర గొంతు వణికింది. "స్తోత్రం!" అని నాలుగు పక్కలా అరిచారు. సంఘ పెద్ద బుల్లయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ రోజుల్లో కట్టు చూసి, "కల్లంలో ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడవాలమ్మా," అన్నది ఈయనే. ఇప్పుడు జక్రయ్యని కావలించుకుని వీపు తట్టాడు. మగవాళ్ళు వరసగా వచ్చి చేతులు కలిపారు. దెబ్బలు తిన్నది ఎవరో ఒక్కళ్ళూ వెనక్కి తిరిగి చూడలేదు.

"ఇప్పుడు సిస్టర్ ఫెబా వస్తారు," అన్నాడు శ్యామ్ సుందర్.

ఆమె లేచింది. మైకు తీసుకుంది. మైకు అతని చేతి చెమటతో తడిగా ఉంది. చెంగుతో తుడిచింది.

"మీరందరూ క్షమించారు," అంది. "దేవుడూ క్షమించాడంట. నన్ను మాత్రం ఈయన ఇంకా అడగలా."

ముందు వరసలో ఎవరో నవ్వి, ఆపుకున్నారు. శ్యామ్ సుందర్ చురుకైనవాడు. "నిజమే. అడుగు బ్రదర్, సంఘం ముందు అడుగు," అని జక్రయ్యని ముందుకి తోశాడు. కెమెరా అతని వైపు తిరిగింది. జక్రయ్యకి కూడా అది బాగుందనిపించింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ జోడించాడు.

"నన్ను క్షమించు ఫెబా."

"హల్లెలూయ!"

"దేనికి?"

"నిన్ను కొట్టినందుకు. నీ చెయ్యి విరగ్గొట్టినందుకు. మన బిడ్డని పోగొట్టినందుకు."

"ఎవరా బిడ్డ?"

జక్రయ్యకి అర్థం కాలేదు. మైకు వైపు మెడ చాపి, గొంతు వణికించి, "నా కొడుకు," అన్నాడు.

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఎక్కడైనా ఒక అనుమానం, తెలియదన్న వెలితి కనబడుతుందేమోనని చూసింది. లేదు. కళ్ళు కెమెరా మీద ఉన్నాయి.

"ఆడపిల్ల," అంది ఫెబా. "జుట్టు బాగా ఉంది. నన్ను ఒక్కసారి అడిగితే చెప్పేదాన్ని. నేను క్షమించలేదు."

జక్రయ్య జోడించిన చేతులు విప్పలేదు, విప్పాలని తోచలేదు. తలతిప్పి ఆడవాళ్ళ వైపు చూశాడు. అక్కడ అతని తల్లి నేల చూపులు చూస్తోంది. "చెయ్యి, సిస్టర్, కనీసం ఆ చెయ్యి ఒకసారి," అన్నాడు శ్యామ్ సుందర్ నెమ్మదిగా. ఫెబా మైకుని నేల మీద, మొగుడి మోకాళ్ళ ముందు పెట్టింది. ఎడమ చేతిని చెంగులో చుట్టుకుని చాపల మధ్య నుంచి నడిచి బయటికి వచ్చింది.

చెప్పులు వెతుక్కుంటుంటే పేరమ్మ ఆయాసపడుతూ వెనకే వచ్చింది.

"కొంప ముంచావు గదే! వాణ్ణి తీసుకెళ్ళనంటున్నాడు ఆ బ్రదర్. వాడిప్పుడు ఎట్టా వెళ్తాడే?"

"అది ఆయన చూసుకుంటాడు అత్తా," అంది ఫెబా, చెప్పులోకి కాలు దూర్చి. "నా చెయ్యి మాత్రం వెళ్ళట్లేదు."