టెస్ట్ ఫోర్

"ఏమే! పాటలన్నీ ఏడబోయినాయి? ఏం నొక్కినావ్ దీంట్లో?"

ముందు గదిలోనుంచి వసీం కేక. వంటింట్లో నిలోఫర్ దోసె తిప్పుతా ఉంది. ఆ లాప్‌టాప్‌ని ఆమె ఇంకా ముట్టుకోనే లేదు. నిన్న సాయంత్రమే కొనుక్కొచ్చినాడు, వెనక ఆపిల్ బొమ్మ ఉండేది, ఎవరో వాడి అమ్ముకున్నది. పెద్ద ఊళ్లల్ల డీజేలందరూ ఇదే వాడతారంట. రాత్రంతా దిండు పక్కనే పెట్టుకొని పండుకున్నాడు. అయినా ఆ ఇంట్లో ఏది చెడినా ముందు జవాబు చెప్పాల్సింది నిలోఫరే. మోటర్ తిరగకపోయినా ఆమే, పాలు విరిగినా ఆమే. ఇప్పుడు పాటలు.

స్టవ్ తగ్గించి వచ్చి చూసింది. పాటలు పోలేదు, అన్నీ ఉన్నాయి. లిస్టులే చచ్చినాయి. 'పెళ్లికూతురు నడిచొచ్చేటప్పుడు' అన్న లిస్టు తెరిస్తే, ప్రతి పాట పక్కనా ఒక ఆశ్చర్యార్థకం గుర్తు. 'ముసలోళ్లు లేచిపోయినాక' లోనూ అంతే. 'అప్పగింతలు, ఏడిపించేవి' లోనూ, 'అప్పగింతలు, ఏడుపు వద్దన్నోళ్లకి' లోనూ అంతే.

ఈ పేర్లన్నీ నిలోఫర్ పెట్టినవే. మార్కాపురంలో 'వసీం సౌండ్స్' అంటే తెలియనోళ్లు లేరు. ఇటు తర్లుపాడు నుంచి అటు గిద్దలూరు దాకా ఏ పెళ్లయినా ఆ సౌండు డబ్బాలే, ఆ లైట్లే. "వసీం భాయ్ దగ్గర లేని పాట లేదబ్బా" అంటారు. ఉండక ఏం చేస్తుంది? పెళ్లయిన కొత్తల్లో సంచి నిండా సీడీలు తెచ్చి ఆమె ముందు కుమ్మరించినాడు. "ఊరికే కూర్చోనుంటావు గదా, వీటిని సిస్టంలోకి ఎక్కించు." ఊరికే! అప్పుడామె కడుపుతో ఉంది. ఆ తరువాత ఒళ్లో బిడ్డను వేసుకొని ఒక చేత్తో మౌస్ తిప్పింది. ఏ పాట ఎక్కడ కోయాలి, ఏ పాట తరువాత ఏది వస్తే వంట దగ్గరున్న ఆడోళ్లు కూడా చేతులు తుడుచుకొని బయటికొస్తారు, అన్నీ ఆమే చూసింది. మెడ పట్టేసిందని ఒకరోజు అంటే అత్త నవ్వింది. "కూర్చోని పాటలు వినేదానికి కూడా నొప్పులంట, మా కాలంలో ఇంత సుఖం ఏడుండె!" వసీం కూడా నవ్వినాడు. ఆ నవ్వే ఆమెకిప్పటికీ కడుపులో మంట.

"ఏందే అట్ల నిలబడినావ్? రేపు గిద్దలూరులో మెహందీ ఉంది. లిస్టులు లేకుంటే నా పరువేం గాను?"

"పాత మిషన్లో పాటలు డి డ్రైవ్‌లో ఉండేవి. ఇందులో డి డ్రైవే లేదు. లిస్టుల్లో మాత్రం పాత అడ్రసులే ఉన్నాయి. వీధి పేరు మార్చేసి పోస్టు రాలేదంటే ఎట్లొస్తది? అన్నీ మళ్లీ రాయాల."

"సాయంత్రానికల్లా రాసెయ్యి మరి" అన్నాడు, దోసె పిండి రుబ్బమన్నంత తేలిగ్గా.

అప్పుడే నిలోఫర్‌కి ఇంకొకటి గుర్తొచ్చింది. గబగబా వెతుకులాడింది. టెస్ట్ వన్ లేదు. టెస్ట్ టూ లేదు, త్రీ లేదు. టెస్ట్ ఫోర్ లేదు.

"టెస్ట్ అని ఫోల్డర్లు ఉండాల?"

"ఆ చెత్తంతా ఎందుకే? కాపీ చేయలా. సిపియుని నిన్ననే కాశయ్య పాత సామాన్ల కొట్లో పడేసినా."

నిలోఫర్ వంటింట్లోకి పోయి స్టవ్ ఆపింది, బురఖా వేసుకుంది, చెప్పులు తొడుక్కుంది. "ఏడికే? లిస్టులు?" అని వెనకనుంచి అరుస్తానే ఉన్నాడు. "వచ్చినాక" అని గేటు తీసింది. అట్ల అడక్కుండా బయటికి పోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

టెస్ట్ ఫోర్‌లో వాళ్లమ్మీ ఉంది.

కంభంలో నిలోఫర్ పెళ్లి. ముందురోజు ఆడోళ్లంతా చాపల మీద కూర్చున్నారు, నడుమ అమ్మీ ఢోలక్ పెట్టుకొని. చుట్టుపక్కల ఏ పెళ్లయినా అమ్మీ రాకుంటే ఢోలక్ కట్టేవాళ్లు కాదు. పెళ్లికొడుకుని ఆటపట్టించే పాటలు ఆమె నోటికొచ్చినట్టు అప్పటికప్పుడు అల్లేది. ఆరోజూ అల్లింది. దూల్హా మియా మీసం తిప్పితే బాగుంటాడు, బండి తోలితే బాగుంటాడు, పాపం చాయ్ పెట్టడం రాదంట, నీళ్లు కాగినాయో లేదో వేలు పెట్టి చూస్తాడంట! ఆడోళ్లంతా పడీ పడీ నవ్వినారు. పిన్ని కూతురు ఫోన్లో రికార్డు చేసింది. నిలోఫర్ ఆ ఫోన్లోని చిన్న మెమరీ కార్డుని పెట్టె అడుగున దాచుకొని మార్కాపురం వచ్చింది.

ఒక మధ్యాహ్నం సిస్టంలో పెట్టుకొని వింటా ఉంటే వసీం విన్నాడు. "నన్ను ఎగతాళి చేసిన పాట నా సిస్టంలోనా? తీసెయ్." అత్త ఇంకో మెట్టు ఎక్కింది. "మర్యాదగల షరీఫు ఇండ్లల్లో ఆడోళ్ల గొంతు బయటి మగోళ్ల చెవిన పడకూడదు. పొరపాటున మైకులో మోగితే?" ఊరూరా మైకుల్లో ఆడగొంతులు మోగిస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, అది మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. నిలోఫర్ తీసేసినానని చెప్పింది. పాటని టెస్ట్ ఫోర్‌లో పెట్టింది. చెత్త పేరు పెడితే ఎవరూ తెరిచి చూడరు గదా అనుకుంది. చెత్తనుకుంటే పారేస్తారన్న ఆలోచనే రాలేదు ఆ పిచ్చిదానికి. ఆ కార్డు ఎప్పుడో చెడిపోయింది. అమ్మీ పోయినప్పటినుంచి ఆ గొంతు అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు.

కాశయ్య కొట్లో ఫ్యాన్లూ మిక్సీలూ కుప్పగా ఉన్నాయి. కాశయ్య సుత్తి పట్టుకొని కూర్చోనున్నాడు.

"అన్నా, నిన్న వసీం ఇచ్చిన సిపియు..."

"ఇదిగోమ్మా, ఇప్పుడే విప్పుదామని ముందరేసుకున్నా."

"విప్పొద్దన్నా! నీ కాళ్లు పట్టుకుంటా, విప్పొద్దు."

ఆయన బిత్తరపోయినాడు. "దానికంత మాటెందుకు తల్లీ, తీసకపో" అని గోనెపట్టతో దుమ్ము తుడిచిచ్చినాడు. ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకొని వచ్చింది. ఇంటికొచ్చేసరికి వసీం గిద్దలూరు పోయినాడు, డబ్బాలు దించడానికి. అత్త పండుకోనుంది.

పాత మానిటర్‌కి తగిలించి స్విచ్ వేసింది. సిపియు గర్రుమంది. ఎన్నేండ్లుగా విన్న శబ్దం అది! టెస్ట్ ఫోర్ తెరిచింది. ముందు ఢోలక్ మీద ఉంగరం టకటక, ఆ తరువాత అమ్మీ గొంతు దిగింది. నిలోఫర్‌కి కంభం ఇల్లు, చాపలు, మల్లెపూలు, అత్తరు వాసన, అన్నీ ఒక్కసారి వచ్చి చుట్టుకున్నాయి. మునుపు ఎప్పుడూ సౌండ్ తగ్గించి, తలుపుకేసి చూస్తా వినేది. ఈసారి పెంచింది. పెంచితే ఇంకో గొంతు వినబడింది. అందరూ అందుకునేచోట, కొంగు కింద నుంచి వచ్చినట్టు, ఒక పడుచు గొంతు. పెళ్లికూతురు తలొంచుకొని కూర్చోవాల, పాడకూడదు. కానీ ఆరోజు ముసుగు కింద తనూ పాడింది! మర్చేపోయింది. "ఊరుకోవే, సిగ్గులేనిదానా" అని అమ్మీ నవ్వడం కూడా ఉంది అందులో. నిలోఫర్ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. అమ్మీ కోసం ఏడ్చింది, ఆ పిల్ల కోసం అంతకంటే ఎక్కువ ఏడ్చింది.

మొహం కడుక్కొని పనిలో కూర్చుంది. పాటని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కొత్తదాంట్లో పెట్టింది. ఒక్కో లిస్టునీ తెరిచి పాత అడ్రసు తీసి కొత్త అడ్రసు రాసుకుంటా పోయింది. 'మెహందీ' లిస్టు దగ్గర ఆగింది. అమ్మీ పాటని అన్నింటికంటే పైన పెట్టింది. పాట పేరు రాసింది. పాడినోళ్ల పేరు రాసే గడి ఖాళీగా ఉంది. ఇన్నేండ్లుగా లోకంలో ఉండే అందరి పేర్లూ ఆ గడిలో రాసింది గదా. నిమ్మళంగా, ఒక్కో అక్షరం సరిచూసుకుంటా రాసింది.

పొద్దు గూకేవేళకి వసీం వచ్చినాడు. పాత సిపియుని చూసి మొహం చిట్లించినాడు గానీ, లిస్టుల ఆత్రంలో నేరుగా లాప్‌టాప్ ముందుకొచ్చినాడు. సగం లిస్టులు బతికినాయి, సగం ఇంకా అట్లనే ఉన్నాయి.

"ఇంకా కాలేదా? ఇదేంది, మెహందీలో మొదటిదే కొత్త పాట? అమీనాబీ, నిలోఫర్..." ఆగినాడు. "రెండోది నీ పేరే గదే. ఈ అమీనాబీ ఎవరు? కొత్త సింగరా?"

నిలోఫర్ ఆయన మొహంలోకి చూసింది. ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతున్నాడు. రంజాన్‌కి అమ్మీ చేతి సేమియా తిన్నాడు. ఆమె పోయినప్పుడు జనాజాకి భుజం పట్టినాడు. ఇన్నేండ్లూ 'మీ అమ్మ', 'కంభం ఆమె', అంతే. పిల్లనిచ్చిన అత్త పేరే తెలీదు ఈ మనిషికి.

కోపం వస్తుందనుకుంది. రాలేదు. ఢోలక్ ముందర కూర్చున్నప్పుడు అమ్మీకి వచ్చేటువంటి నవ్వొచ్చింది.

"మీ పెళ్లిలో మీకు చాయ్ పెట్టడం రాదని పాడినామె" అంది, లాప్‌టాప్‌ని తనవైపు తిప్పుకుంటా. "ఆ పాట అక్కడనే ఉంటది. దాన్ని తీస్తే మిగిలిన లిస్టులు మీరే రాసుకోండి. ఉంచితే, నేను రాసేలోపల మీరు పోయి చాయ్ పెట్టుకొని రాండి. నాకూ ఒక గ్లాసు."

వసీం ఆ గడిలో ఉన్న రెండు పేర్లనీ ఇంకోసారి చదివినాడు. ఆ తరువాత వంటింట్లో నుంచి గొంతు వినబడింది.

"ఏమే... చక్కెర డబ్బా ఏడుంటది?"