మాయ పడకముందే

“చెడురక్తమేలే, పోనీ. పోతేనే వొళ్లు తేలికపడేది,” అంటూ అత్తగారు రావమ్మ మరో పాతచీర మడిచి కోడలి కిందకి తోసింది.

శివపార్వతికి పొద్దున వీధిలో మగ్గం పడుగు పరిచి గంజి పెడుతుండగానే నొప్పులు మొదలయ్యాయి. “ఎండెక్కేలోపు ఆ కొస పట్టుకో, పోగులు అతుక్కుపోతే ఇన్నాళ్ల పనీ పోయినట్టే,” అన్నాడు భర్త భావనారాయణ. పట్టుకుంది. ఆరో కాన్పు కదా, ఆమె నొప్పికి ఆ ఇంట్లో ఎవరూ కంగారుపడరు. పిల్ల పుట్టింది. వెంట పడాల్సిన మాయ మాత్రం పడలేదు. పోయిన కాన్పులోనూ ఇలాగే సతాయించింది గాని ఇంత రక్తం పోలేదు. ఇప్పుడు చీర మీద చీర తడిసిపోతోంది. ఇంత రక్తం తనలో ఉందా అని ముందు ఆశ్చర్యమే కలిగింది. భయం తరవాత వచ్చింది. కాళ్లు చల్లబడుతున్నాయి, చెవుల్లో హోరు.

“నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లండి,” అంది.

“బొడ్డు కొయ్యకుండా బండెట్టా ఎక్కిస్తాం తల్లీ?” అంది మంత్రసాని మాణిక్యమ్మ. “మాయ పడకుండా కోస్తే అది గుండెల్లోకెక్కి ప్రాణం తీస్తది.”

“అమ్మ ఎట్టా చెబితే అట్టా,” అన్నాడు భావనారాయణ గుమ్మం అవతల నుంచి. పడుగు గురించైతే ఆయన ఎవర్నీ అడగడు.

ఏం వండాలో అత్తని అడిగింది, పుట్టింటికి ఎప్పుడు వెళ్లాలో అడిగింది, ఈ ఇంట్లో అడగకుండా చేసిన పని ఒక్కటీ లేదు. పోతున్న రక్తం నాది, సెలవు మాత్రం వీళ్లివ్వాలా? పిల్ల ఇంకా ఆమెకి కట్టేసినట్టే పక్కన గుడ్డలో కదులుతోంది. శివపార్వతి మోచేతి మీద లేచి, మరిగిన నీళ్లలో మాణిక్యమ్మ వేసి ఉంచిన దారమూ కత్తీ అందుకుంది. తెగిన పోగుని ముడేసే చేతులవి. రెండుచోట్ల బిగించి కట్టి, నడుమ కోసేసింది.

రావమ్మ కెవ్వుమంది. ఏదీ గుండెల్లోకి ఎక్కలేదు.

“ఇంక బండి కట్టించండి,” అంది శివపార్వతి.

ఆస్పత్రిలో డాక్టర్ హైమవతి మత్తిచ్చి, లోపలికి చెయ్యి పెట్టి మాయ తీసింది. మెలకువ రాగానే దాన్ని చూపించమని అడిగింది శివపార్వతి. పళ్లెంలో విస్తరించి ఉంది అది. కాలువ చీలి పొలాలకి పారినట్టు నరాలు, కొసకంటా. చూపు తిప్పుకోలేకపోయింది.

“ఇదీ నేనే చేశానాండీ?”

“నువ్వేనమ్మా. తొమ్మిది నెలలూ పిల్లకి అన్నం పెట్టింది ఇదే.”

తను నూలు కండెలు చుట్టి, గంజి పెట్టిన చీరలన్నీ సంతలో పేరుకి భావనారాయణ చీరలే. దీనికి ఆ పేరు పెట్టడం ఎవరి తరమూ కాదు.

“ఇన్ని కాన్పులయ్యాయి, పోయినసారీ మాయ నిలిచింది. మళ్లీ ఇలా అవుతుందేమోనని ముందే ఇక్కడికి రావలసింది,” అంది డాక్టరు. “ఇంకాస్త ఆలస్యమైతే దక్కేదానివి కాదు.”

మంచం పట్టె పట్టుకుని నిలబడ్డ రావమ్మ అప్పుడు నోరు విప్పింది.

“నా పెద్దకూతురు కాన్పులో పోయింది ఇట్టాగే, డాక్టరమ్మా. బొడ్డు కొయ్యకుండానే బిడ్డ పక్కన ఉంది. బండి గుమ్మంలోనే ఉంది. కోసుంటే బతికేదా?”