రాజుగారికిచ్చిన పేరు

దుప్పట్లు మూడోసారి ఉడుకుతున్నాయి. ఆదివాసుల శిబిరం మీద అధికారి అయిన తెల్ల మేనేజరుగారి పెరట్లో రాగి కాగు దగ్గర నిలబడి ఎఫీ కర్రతో వాటిని కలియబెడుతోంది. పదిహేడేళ్లుగా ఇదే పని. సోడా నీళ్లకు వేళ్ల చివరలు పాలిపోయి, గోళ్లు మెత్తబడ్డాయి. నాలుగు రోజులుగా ఛాతీలో నొప్పి. చెప్పుకోవడానికి ఆవిడకెవరున్నారు కనుక! ఒక్కగానొక్క కూతురు డల్సీని తొమ్మిదో ఏట తెల్లవాళ్లు పిల్లల ఆశ్రమానికని బండెక్కించుకుపోయారు. ఆ తర్వాత ఉత్తరం ముక్క లేదు.

మధ్యాహ్నం చిన్నాన్న కొడుకు హెర్బర్ట్ కంచె అవతలి నుంచి పిలిచాడు. గొర్రెల ఉన్ని కత్తిరించే పని మానేసి, ముర్రే నది పొడుగునా తమవాళ్ల శిబిరాలన్నీ తిరుగుతూ, లండన్‌లోని రాజుగారికి పంపే అర్జీకి సంతకాలు పోగేస్తున్నాడు. మా పిల్లల్ని మాకు వదిలెయ్యండి, పార్లమెంటులో మా మనిషినొకణ్ణి కూర్చోబెట్టండి అని అందులో ఉంది. సంతకం పెట్టినవాళ్లకు రేషను పిండి, చక్కెర ఆపేస్తానని మేనేజరు ముందే చాటించాడు.

"బాగా ఆలోచించుకో అక్కా. ఆయన అన్నంత పనీ చేస్తాడు."

"నా దగ్గర లాక్కోడానికి ఇంకేం మిగిలిందిరా? ఇటియ్యి."

గీత గీస్తే చాలన్నాడతను. ఎఫీ ఒప్పుకోలేదు. చెయ్యి గౌనుకు తుడుచుకుని, మిషన్ బడిలో నేర్చిన అక్షరాలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటూ పూర్తి పేరు రాసింది. డల్సీ పేరు కూడా రాయనా అని అడిగింది. ఇక్కడ లేనివాళ్లది కుదరదన్నాడు.

"పోన్లే, నాదన్నా చేరనీ. దాని తల్లి ఊరుకోలేదని తెలుస్తుంది."

సాయంత్రం దుప్పట్లు మడిచి అప్పజెప్పి, గుడిసెకు వచ్చి టీ కాచుకుంది. గోడకానుకుని కూర్చుంది. పొద్దు వాలేవేళ పొరుగావిడ వచ్చి చూసేసరికి కప్పులో టీ అలాగే ఉంది. ఎఫీలో ప్రాణం లేదు.

వాళ్ల ఆచారం ప్రకారం పోయినవాళ్ల పేరు పలకకూడదు. వాళ్ల చెయ్యి సోకిన వస్తువేదీ మిగల్చకూడదు. మర్నాడు పొద్దున్నే ఆమె కంబళీ, కప్పూ, గౌనూ మంటలో వేశారు. అందరికన్నా పెద్దదైన నెల్లీ ముసలమ్మ హెర్బర్ట్ కోటు జేబు వైపు చెయ్యి చాపింది. ఆ పేరున్న కాగితం కూడా కాలాల్సిందేనంది. అదే కాగితం మీద ఇంకో అరవై రెండు మంది ఉన్నారు. హెర్బర్ట్ జేబును అరచేత్తో అదిమిపట్టుకున్నాడు.

"ఆ కాగితం దానిదేనా?" అని అడిగింది ముసలమ్మ.

"కాదవ్వా. రాజుగారికని నా చేతికిచ్చేసింది."

ముసలమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇచ్చేసిందంటే అది మనది కాదు, కాల్చడానికి. పో, పట్టుకుపో. పైకి మాత్రం చదవకు."

దారిలో అతను ఏడుస్తూనే కాగితం విప్పి చూసుకున్నాడు. పైనున్నవన్నీ అడ్డగీతలు, ఇంటూ గుర్తులు. అడుగున ఒకే ఒక్క పేరు. పెన్సిలు గట్టిగా ఒత్తినచోట కాగితం వెనక్కి ఉబ్బి, తడిమితే వేలికి తగులుతోంది.