దురదగొండి మూల

ఫెస్టీ మంగన్ ఇంట్లో నోరు విప్పేది రెండింటికే. వాన వచ్చేట్టుందని చెప్పడానికి, ఉప్పు ఇటు జరపమనడానికి. అదే మనిషి ఆదివారం పూట గాల్వే నుంచి బస్సు దిగిన జనాన్ని వెంటేసుకుని, కొండ దారిన కిల్‌ఫెల్లన్‌లో పాడుబడ్డ క్రైస్తవ మఠానికి బయల్దేరాడంటే మాటకు అడ్డూ ఆపూ ఉండదు. ఏ రాతి మీద ఏ సన్యాసి మోకరించాడో, ఏ కిటికీలోంచి సైనికులు దూరారో, పక్కనుండి చూసొచ్చినట్టు చెబుతాడు. ఈ సంగతి అతని భార్య సబీనాకు ఊళ్ళోవాళ్ళు చెబితే తెలిసింది. కట్టుకున్నదానికి ఉప్పు, పరాయివాళ్ళకు కథలు.

అది చాలా ఏళ్ళుగా ఉన్న బాధే. పంటి నొప్పిలా అలవాటు పడిపోయింది. కానీ ఈ వేసవిలో కొత్తగా ఓర్లా డెవేన్ అనే అమ్మాయి తయారైంది. కార్క్ నుంచి వచ్చి గాల్వేలో ఉంటుంది, పాత కట్టడాల మీద చదువు. ఒక్కసారి చూసి పోయేవాళ్ళే అందరూ. ఈమె మాత్రం ప్రతి ఆదివారం దిగుతుంది, ఫెస్టీ మోచెయ్యి పక్కనే నడుస్తుంది.

"మీ ఆయన ఈమధ్య గడ్డం నున్నగా గీస్తున్నట్టున్నాడే వదినా," అంది కొట్లో బ్రిజీ, రొట్టె పొట్లం కడుతూ.

"ఆదివారాలే గీస్తాడు."

"నేనంటున్నదీ అదే."

సబీనా చిల్లర కూడా తీసుకోకుండా ఇంటికొచ్చేసింది. అరవై దాటిన మనిషి, మనవలున్న మనిషి, ముక్కూ మొహం తెలియని పిల్లను చూసి కుళ్ళుకోవడమేమిటని తనను తాను తిట్టుకుంది. తిట్టుకున్నకొద్దీ కుళ్ళు ఎక్కువైంది. ఆ పిల్ల అందగత్తె కూడా కాదు. అందగత్తె అయితే సరిపెట్టుకునేది, మగబుద్ధి అనుకునేది. ఫెస్టీ ఆమెను చూడడం లేదు, ఆమెతో మాట్లాడుతున్నాడు. సబీనాను కోసింది అదే.

ఆదివారాల జనానికి వెనక కాపు నడిచే మార్టిన్‌కు కాలు బెణికిందని కబురొచ్చిన శనివారం, "రేపు నేనొస్తాను," అంది సబీనా.

ఫెస్టీ పళ్ళెం మీదనుంచి తలెత్తాడు. "నీ మోకాలో?"

"నా మోకాలు నాతోనే వస్తుంది. నీ పక్కన నడవదులే, భయపడకు."

అతను ఉప్పు జరపమన్నాడు.

వెనక కాపు అంటే మర్యాదకు పెట్టిన పేరు గాని, చాకిరీ. ఆ దారిలో గేట్లు లేవు, రాతి గోడలే. గోడ అడ్డొచ్చిన చోటల్లా ముందున్నవాళ్ళు నాలుగు రాళ్ళు దించి సందు చేసుకుని దాటుతారు. అందరికన్నా వెనకవాళ్ళు ఆ రాళ్ళు మళ్ళీ పేర్చాలి. పేర్చకపోతే గొర్రెలు దాటుకుపోతాయి, ఆ భూమి తాలూకు ఆసామి వచ్చే ఆదివారానికి దారే మూసేస్తాడు. దారి ఆసామి దయ. హక్కు ఎవరికీ లేదు.

కాబట్టి సబీనాకు దక్కినవి రాళ్ళు. ఒక గోడ పేర్చి నడుం ఎత్తేసరికి జనం సరస్సు మలుపు తిరిగిపోయేవారు. గాలికి ఫెస్టీ మాటలు ముక్కలుముక్కలుగా వచ్చేవి. నవ్వులు మాత్రం నిండుగా వినిపించేవి. అందరికన్నా ముందు అతని పాత టోపీ, దాని పక్కన ఓర్లా ఎర్ర కోటు. ఆ ఎర్ర రంగు కంట్లో నలుసులా పట్టుకుంది.

డబ్లిన్ నుంచి వచ్చిన ఒక టీచరమ్మ సబీనాకు రాళ్ళు అందించడానికి ఆగింది.

"మీరు అదృష్టవంతులండీ. ఇంట్లో కూడా ఇలాగే చెబుతుంటారా?"

"చెప్పడమా," అంది సబీనా. "చెవులు తినేస్తాడు. రాత్రిళ్ళు నిద్ర పోనివ్వడు."

రాయి బరువుగా ఉందన్నట్టు మొహం పక్కకు తిప్పుకుంది.

మఠం చేరేసరికి జనం ఎండ తగిలే దక్షిణపు గోడ వార కూలబడి శాండ్‌విచ్‌లు విప్పుతున్నారు. ఫ్లాస్కుల్లో టీ పొగలు కక్కుతోంది. టోపీ లేదు. ఎర్ర కోటూ లేదు.

"మీ ఆయన ఉత్తరం మూలకు వెళ్ళారు," అన్నాడొకడు. "మమ్మల్ని రావద్దన్నారు. దురదగొండి ఉందట, రాళ్ళు జారతాయట."

ఆ మూలలో ఏముందో ఆ పరగణాలో అందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనరు. జ్ఞానస్నానం అందకముందే ప్రాణం పోయిన పసివాళ్ళకు చర్చి శ్మశానంలో చోటు ఉండేది కాదు. తండ్రి చీకటి పడే వేళ పెట్టె చంకన పెట్టుకుని ఒంటరిగా ఇక్కడికి వచ్చేవాడు, పేరు లేని రాయొకటి పెట్టి వెళ్ళిపోయేవాడు. తల్లికి ఏ రాయో చెప్పేవారు కాదు. తల్లి అడగకూడదు. సబీనా తొలిచూలు బిడ్డ ఇక్కడే ఉన్నాడు. తర్వాత ఇద్దరు కూతుళ్ళు పుట్టారు, వాళ్ళకు పెళ్ళిళ్ళూ అయ్యాయి. నలభై ఏళ్ళలో ఆ పిల్లాడి మాట ఆ ఇంట్లో ఒక్కసారి కూడా రాలేదు. "మర్చిపో అమ్మాయ్," అంది అత్తగారు ఆ రోజే. ఆవిడ పోయి కూడా ఎన్నో ఏళ్ళయింది, సబీనా ఇంకా మర్చిపోలేదు.

గోడ పట్టుకుని మూల తిరిగింది. మోకాలి ఎత్తు గడ్డిలో చిన్న చిన్న రాళ్ళు, చాలా ఉన్నాయి. ఫెస్టీ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఓర్లా ఒక రాతి ముందు గొంతుక్కూర్చుని, దారిలో కోసిన గులాబీరంగు పూలు దాని మీద పెడుతోంది.

"ఇదేనా మీ అబ్బాయిది?" అంటోంది మెల్లగా.

"అదే."

వాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని ఉండగా చూసినా సబీనాకు ఇంత మంట పుట్టేది కాదు. నేరుగా నడిచి వెళ్ళి ఆ పూలు తీసింది, ఓర్లా చేతిలో పెట్టింది.

"ఇవి నీవమ్మాయ్. తీసుకెళ్ళు."

ఓర్లా మొహం పాలిపోయింది. "క్షమించండి. నా పరిశోధన కోసం ప్రతివారం అడుగుతూ వచ్చాను, ఆయన చెప్పేవారు కాదు. ఇవాళే..."

"అడగడం నీ పని, అడిగావు. నీ మీద నాకు కోపం లేదు." అది నిజం కాదు, కోపం ఉంది. "వెళ్ళి టీ తాగు. మాకు పనుంది."

ఎర్ర కోటు గోడ దాటేదాకా ఆగింది సబీనా.

"ఆమెకు చూపించావు," అంది.

"అడిగింది."

"నేను అడగలేదనా? నన్ను అడగనిచ్చారా మీరు? అడిగితే ఇల్లు కూలిపోతుందన్నట్టు చూసేది మీ అమ్మ. నువ్వో, పళ్ళెంలోకి చూసేవాడివి. నా కొడుకు మీద మొదటి పువ్వు ఎవతో పెట్టిపోతుంటే నేను రాళ్ళు పేర్చుకుంటూ వెనకాల నడుస్తున్నాను."

ఫెస్టీ తల దించుకుని టోపీ అంచు తిప్పసాగాడు. ఇంట్లో మనిషే వచ్చి నిలబడ్డాడనుకుంది.

"పరాయిదానికి చెబితే బస్సెక్కి వెళ్ళిపోతుంది సబీనా," అన్నాడు చివరకు. "నీకు చెబితే రోజూ ఎదురుగా కూర్చుంటావు. ఆ మొహం చూడలేననుకున్నా. ఒక మాట మొదలెడితే ఇది కూడా వచ్చేస్తుందని, అసలు మాట్లాడడమే మానేశా."

"నలభై ఏళ్ళా?"

"అలవాటైపోయింది."

ఆమె గడ్డిలో కూర్చుంది. రాయి అరచేతిలో పట్టేంతే ఉంది, ఒక పక్క నాచు పట్టి. దాన్ని ముట్టుకోలేదు. మొదట తెలుసుకోవలసింది ఒకటుంది, అది తెలియకుండా ముట్టుకోవడానికి మనసొప్పలేదు.

"నాకు చూపించలేదు వాణ్ణి. మీ అమ్మ గుడ్డలో చుట్టి పట్టుకుపోయింది. నువ్వు చూశావు కదా?"

"చూశాను."

"ఎలా ఉన్నాడో ఆ పిల్లకు చెప్పావా?"

"లేదు."

"నిజం చెప్పు ఫెస్టీ."

"ఎవరికీ చెప్పలేదు. ఒట్టు."

గోడ అవతలనుంచి ఎవరో పిలిచారు, వాన మబ్బు పట్టింది, బయల్దేరదామా అని. ఫెస్టీ అటు తిరగబోయాడు.

"ఉండనీ వాళ్ళను," అంది సబీనా. "నాకు చెప్పు."

అతను ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆదివారపు గొంతు రాలేదు. మాట వెతుక్కుంటూ వెతుక్కుంటూ వచ్చింది.

"జుట్టుండేది," అన్నాడు. "ఒత్తుగా. నీ జుట్టే."